తెగే వేలు ఎవరిది?

శాస్త్ర విజ్ఞానం మానవుడి చేతికి ఎన్నో ఇచ్చింది. నాగలి ఇచ్చింది, ఇంజను ఇచ్చింది, నిన్న మొన్న సెల్‌ఫోను కూడా ఇచ్చింది. ఇచ్చిన ప్రతిసారీ ఆ చేతినుంచే కొంత పుచ్చుకుంటూ కూడా వచ్చింది. ఇది అలంకారం కోసం అంటున్న మాట కాదు. నూర్పిడి మిషనుకి చెయ్యి ఇచ్చుకున్నవాళ్ళు, చెరకు గానుగలో వేళ్ళు నలిగినవాళ్ళు మన పల్లెల్లో వెతికితే ఇప్పటికీ దొరుకుతారు.

మిత్రులారా! ఈ వ్యాసం డ్రోన్ గురించి. ఇంకా సరిగ్గా చెప్పాలంటే, ఎగిరి వచ్చిన డ్రోన్‌ని నేలమీద దించకుండా చేత్తో అందుకునే అలవాటు గురించి. "ఇదీ ఒక విషయమేనా? సావనీరుకి వ్రాయడానికి వరకట్నం లేదూ, నిరుద్యోగం లేదూ?" అన్నాడు నా రూమ్మేటు. వున్నాయి. వాటిమీద ఈ సంచికలోనే నలుగురైనా వ్రాసి వుంటారు. వేళ్ళమీద ఎవరూ వ్రాయరు. అందుకని నేను వ్రాస్తున్నాను.

ముందుగా ఒక మాట ఒప్పుకోవాలి. చేత్తో పట్టుకోవడం వట్టి డాబు కోసం చేసే పని అని బయటివాళ్ళు అనుకుంటారు. మన కోనసీమలో అది పూర్తిగా నిజం కాదు. గౌతమికీ వసిష్ఠకీ నడుమ సముద్రం దాకా పరుచుకున్న ఈ గడ్డమీద బారెడు చదునైన పొడినేల ఎక్కడ దొరుకుతుంది చెప్పండి? సార్వా రోజుల్లో చేలన్నీ నీళ్ళు. గట్టు చూస్తే అడుగున్నర వెడల్పు. కొబ్బరితోటలోకి పోతే నేల వుంటుంది గాని ఆకాశం వుండదు. పెళ్ళివారింటి ముందు షామియానా, కుర్చీలు, జనరేటరు, వాటి మధ్య పిల్లలు. ఏటి మధ్య పడవలో వుంటే ఇంక చెప్పేదే లేదు. పోనీ అంతర్వేది, ఓడలరేవు వైపు వెళితే ఎకరాలకొద్దీ ఖాళీ జాగా, కాని అదంతా ఇసుక. అందులో ఇనుము కలిసిన నల్లరేణువులు వుంటాయి. చిన్నప్పుడు అయస్కాంతం ముక్క పట్టుకుని వాటిని ఏరిన వాళ్ళకి నేను వేరే చెప్పనక్కర్లేదు. డ్రోన్ మోటారులో వుండేదీ అయస్కాంతమే. ఇసుకమీద దించితే ఆ రేణువులు లోపలికి పోయి పట్టేస్తాయి. వేలకి వేలు పెట్టి కొన్న యంత్రం రెండు నెలల్లో మూలపడుతుంది.

కాబట్టి పట్టుకుంటున్నారు. కారణం వున్నది. కారణం వున్నంత మాత్రాన ప్రమాదం లేకుండా పోదు గదా! నేను భౌతికశాస్త్రం చదువుతున్నవాణ్ణి గనుక ఆ ప్రమాదం ఎక్కడ దాగివుందో కాస్త లెక్కకట్టి చూపిస్తాను. లెక్కలంటే గిట్టని ఆర్ట్స్ సోదరులు ఒక్క పేరా ఓపిక పట్టాలి.

ఒక మామూలు చిన్న డ్రోన్ రెక్క ఆరంగుళాలు అనుకుందాం. అంటే పదిహేను సెంటీమీటర్లు. అది ఒక్కసారి తిరిగితే దాని కొన 47 సెంటీమీటర్లు ప్రయాణం చేస్తుంది. నిమిషానికి ఎనిమిదివేల తిరుగుళ్ళు అనుకుంటే సెకనుకి 133. రెండూ గుణిస్తే సెకనుకి 62 మీటర్లు, గంటకి సుమారు 225 కిలోమీటర్లు. మన 216 నంబరు జాతీయ రహదారి మీద ఏ కారూ ఆ వేగంతో పోదు. రెక్కకి కొనలు రెండు గనుక ఒకేచోట వేలు పెడితే సెకనుకి 266 దెబ్బలు. దెబ్బ తగిలిందని మెదడుకి తెలిసి చెయ్యి వెనక్కి లాక్కోవడానికి సెకనులో అయిదోవంతు పడుతుంది. రెక్క విరగకుండా వుంటే ఈలోగా యాభై దెబ్బలు పడ్డాయన్నమాట. "ప్లాస్టిక్ రెక్కేగా, చర్మం గీరుకుంటుంది, అంతే" అంటారు కొందరు. పావుకిలో డ్రోన్ విషయంలో అది చాలావరకు నిజమే కావచ్చు. రెండు కిలోల డ్రోన్, గట్టి కార్బన్ రెక్కలు అయితే ఆ మాట అనే ధైర్యం నాకు లేదు.

అయితే అసలు చిక్కు రెక్కలో లేదు. దాని బుర్రలో వున్నది. అందరూ తెలుసుకోవలసిన సంగతి ఇదే.

కావిడి మోసే మనిషిని చూశారా? ఒకవైపు బరువు కిందికి లాగితే ఆ వైపు భుజం ఎగదోసి కావిడిని మళ్ళీ సమం చేసుకుంటాడు. డ్రోన్ అచ్చం అదే పని సెకనుకి కొన్ని వందలసార్లు చేస్తూ వుంటుంది. గాలి ఒకపక్కకి వంచితే ఆ పక్క మోటారు వేగం పెంచి నిలదొక్కుకుంటుంది. ఇప్పుడు మీరు దాని కాలో అంచో పట్టుకున్నారు. అది మీ చెయ్యి అని దానికెలా తెలుస్తుంది? దాని దృష్టిలో అదొక మొండిగాలి. మీరు కిందికి లాగినకొద్దీ అది పైకి తన్నుకుంటుంది. ఇంకా చిత్రమేమంటే, ఒక క్షణంలో సర్దుకోకపోతే ఆ లోటును కూడబెట్టుకుంటూ పోయి, తర్వాత క్షణంలో మరింత బలం ఉపయోగిస్తుంది. గట్టిగా, ఎక్కువసేపు బిగించి పట్టుకున్నకొద్దీ అది గింజుకోవడం ఎక్కువవుతుంది. పశువుకైతే పలుపు చూస్తే మనిషని తెలుస్తుంది. దీనికి ఆ పాటి కూడా తెలియదు.

రెండో సంగతి. చాలా డ్రోన్లకి కడుపుకింద నేలదూరం కొలిచే కళ్ళు వుంటాయి. మీరు అరచెయ్యి కింద పెట్టగానే ఆ కళ్ళకి నేల ఒక్కసారిగా పైకి లేచినట్టు కనబడుతుంది. కొన్ని రకాలు వెంటనే జానెడో బారెడో పైకి పోతాయి. అందబోయే వస్తువు తప్పుకుంటే మనిషి ఏం చేస్తాడు? మునివేళ్ళమీద లేచి ఇంకా పైకి అందుకుంటాడు. బంతి పట్టేవాడి స్వభావం అది. అప్పుడే వేళ్ళు రెక్కల దగ్గరికి పోతాయి.

మూడోది. నేలమీద దిగితే "ఇంక కిందికి పోవడానికి లేదు, కదలిక లేదు" అని తెలుసుకుని మోటార్లు ఆపేస్తుంది. చేతిలో దిగితే? చెయ్యి కదులుతూనే వుంటుంది. దిగాననే నమ్మకం దానికి కలగదు. రిమోటు పట్టుకున్నవాడు పుల్ల కిందికి లాగి పట్టుకోవాలి, కొన్ని సెకన్లు ఆగాలి. ఆ కొన్ని సెకన్లూ నాలుగు కత్తులు మొహానికి మూరెడు దూరంలో తిరుగుతూ వుంటాయి. వాడు తొందరపడి పుల్ల వదిలాడో, అది మళ్ళీ లేచిపోతుంది.

ఇదంతా పల్లెటూరి వాళ్ళకి తెలియక వచ్చిన చిక్కు అనుకోవద్దు. ప్రపంచ ప్రసిద్ధి పొందిన గాయకుడు ఎన్రికే ఇగ్లేసియస్ 2015 మే 30న మెక్సికోలోని టిహువానా నగరంలో పాడుతూ, వేదికమీదికి వచ్చిన డ్రోన్‌ని చేత్తో అందుకోబోయి వేళ్ళు కోసుకున్నాడు. అది ఆయనకి కొత్త కాదు. కచేరీలలో డ్రోన్ని అలా పట్టుకుని ప్రేక్షకులను చూపించడం ఆ ప్రదర్శనలో ఒక భాగమే. కట్టు కట్టించుకుని ఆ రాత్రి పాట పూర్తి చేశాడు గాని తర్వాత శస్త్రచికిత్స చేయించుకోవలసి వచ్చింది. "వందసార్లు పట్టాను, ఏమీ కాలేదు" అనేవాళ్ళకి నా జవాబు ఇదొక్కటే. ఆయన కూడా పట్టినవాడే. అదే ఏడాది ఇంగ్లండులో ఒక డ్రోన్ చెట్టుకు తగిలి, గిర్రున తిరిగి ఏడాదిన్నర పసివాడి మొహానికి తగిలింది. ఒక కన్ను పోయింది. చెట్టు అన్నాను చూడండి! మన దగ్గర ఇంటికి పది చెట్లు.

ఇక్కడిదాకా వ్రాసింది ఎవరైనా వ్రాయగలరు. నా మనసులో వున్నది వేరు.

ఇగ్లేసియస్ తన చేత్తో తాను పట్టుకున్నాడు. మన పెళ్ళిళ్ళలో పట్టుకునేది ఎవరు? ఎప్పుడైనా గమనించారా? రిమోటు పట్టుకున్నాయన పట్టుకోడు. ఆయన రెండు చేతులూ రిమోటు మీద వుంటాయి. డ్రోన్ సొంతదారు అసలే పట్టుకోడు. పట్టుకునేది లైటు కుర్రాడు. సాయంత్రం దాకా లైటు ఎత్తిపట్టుకుని నిలబడ్డవాణ్ణే కేకేసి "ఒరేయ్, ఇట్రా, పట్టుకో" అంటారు. వాడికి పదిహేడో పద్దెనిమిదో వుంటాయి. రోజుకూలీ మీద వచ్చినవాడు. పట్టుకోను అంటే రేపటి పెళ్ళికి పిలవరు.

కిందటి శ్రావణంలో మా బంధువుల పెళ్ళిలో ఇలాగే జరిగింది. ముందురోజు కురిసిన వానకి వాకిలంతా బురద. డ్రోన్ దిగుతూ వుంటే పట్టుకోమన్నారు. కుర్రాడు చెయ్యి పెట్టాడు, అది జానెడు పైకి పోయింది, వాడు ఎగిరి కాలు పట్టుకున్నాడు. నేను పదడుగుల దూరంలో వున్నాను. చూపుడువేలు, మధ్యవేలు తెగాయి. రక్తం సంగతి సరే, నేను మర్చిపోలేనిది ఇంకొకటి. ఆ వీడియో ఆయన ముందు పరుగెత్తింది కుర్రాడి దగ్గరికి కాదు, కిందపడ్డ డ్రోన్ దగ్గరికి. ఆయన దుర్మార్గుడేమీ కాదు. దానికి వాయిదాలు కడుతున్నాడు, భయపడ్డాడు. ఆస్పత్రికి తనే బండిమీద ఎక్కించుకుపోయాడు, ఖర్చులో సగం ఇచ్చాడు. కుట్లు మానాయి గాని మధ్యవేలి నరం తెగినందువల్ల ఆ వేలు ఇప్పుడు పూర్తిగా మడతపడదు. ఆ కుర్రాడి తండ్రి దింపు కార్మికుడు. కొడుకు కూడా ఆ పనే నేర్చుకుంటున్నాడు. నలభై అడుగుల కొబ్బరిచెట్టు మీద తాడు బిగించాలన్నా, కత్తి పట్టాలన్నా కావలసింది పిడికిలి. చదువుకున్న వాళ్ళకి వేలు పోతే వ్రాత పాడవుతుంది. వాడికి బ్రతుకు పాడవుతుంది. ఒలుపు కార్మికుణ్ణి అడగండి, వలవేసే వాణ్ణి అడగండి, ఒక వేలు విలువ ఎంతో చెబుతారు.

డెబ్భైవేల రూపాయల యంత్రానికి దెబ్బ తగలకుండా ఆ కుర్రాడి వేళ్ళని అడ్డం పెట్టాం. అంటే వాటికి మనం కట్టిన ఖరీదు డెబ్భైవేల కంటే తక్కువ! ఇలా చెబితే ఎవరూ ఒప్పుకోరు. కాని చేస్తున్నది మాత్రం అదే.

"ప్రతి కొత్త యంత్రానికీ మొదట్లో ఇలాంటివి తప్పవు" అని పెద్దలు అంటారు. మా నాన్నగారు కూడా అన్నారు. అయితే అదే నాన్నగారు నూర్పిడి మిషను కథ కూడా చెప్పారు. మొదట్లో వచ్చిన మిషన్లకి పనలు పెట్టే నోరు పొట్టిగా వుండేది. పన తోస్తూ తోస్తూ చెయ్యి లోపలి డ్రమ్ముకి అందిపోయేది. దేశమంతటా కూలివాళ్ళ చేతులు పోయాయి. తెగిన ప్రతిసారీ "వాడు నిద్రమత్తులో పెట్టాడు, తాగి పెట్టాడు" అనేవారే గాని నోరు పొట్టిగా వుందని అన్నవాళ్ళు తక్కువ. చివరికి 1983లో పార్లమెంటు ప్రమాదకర యంత్రాల నియంత్రణ చట్టం చేసింది. ముఖ్యంగా ఈ నూర్పిడి మిషన్ల కోసమే చేసిన చట్టం అది. యంత్రం ఎలా తయారుచేయాలో, దెబ్బతిన్నవాడికి పరిహారం ఎవరు ఇవ్వాలో అందులో చెప్పారు. నోరు పొడవు పెరిగింది, మూత వచ్చింది. మనిషి మారలేదు, యంత్రానికి చేరువయ్యే పద్ధతి మారింది. ఆ చట్టం ఎంత బాగా అమలయింది అన్నది వేరే సంగతి. పని చేయించేవాడికి కూడా బాధ్యత వున్నదన్న మాట మాత్రం కాగితం మీదికి ఎక్కింది.

డ్రోన్ విషయంలో ఆ మాట ఇంకా ఎక్కలేదు. 2021 ఆగస్టులో కేంద్రప్రభుత్వం డ్రోన్ నియమాలు తెచ్చింది. 250 గ్రాముల దాకా నానో అన్నారు, రెండు కిలోల దాకా మైక్రో, ఇరవైఅయిదు కిలోల దాకా స్మాల్. నానోకి పైలట్ ధ్రువపత్రం అక్కర్లేదు. మైక్రోని సరదాకి ఎగరేసుకుంటే అక్కర్లేదు, డబ్బు తీసుకుని పెళ్ళికి ఎగరేస్తే కావాలి. నానో తప్ప మిగతావాటికి ఇతరులకు జరిగే నష్టానికి బీమా కూడా వుండాలి. మన అమలాపురం, రాజోలు, కొత్తపేట పెళ్ళిళ్ళలో ఎగిరే వాటిలో ఎన్నింటికి ఈ రెండూ వున్నాయో నేను అడగను, వాళ్ళూ చెప్పరు. నేను అడిగేది ఇంకొకటి. ఎగరేసేవాడి గురించి వయస్సు, చదువు, శిక్షణ అన్నీ వ్రాశారు. పట్టుకునేవాడు అనే మనిషి ఆ నియమాల్లో ఎక్కడా లేడు. లేని మనిషికి శిక్షణ ఎవరిస్తారు? పరిహారం ఎవరిస్తారు?

పొలాల్లో మందుకొట్టే డ్రోన్ల విషయంలో కొంత నయం. నమో డ్రోన్ దీదీ పథకం కింద మహిళా సంఘాలకు ఎనభై శాతం సబ్సిడీతో, ఎనిమిది లక్షలకు మించకుండా సాయం ఇచ్చి డ్రోన్లు ఇప్పించాలని 2023 నవంబరులో కేంద్రం నిర్ణయించింది. నడిపే ఆవిడకి పదిహేను రోజుల శిక్షణ. ఆమెకి తోడుగా వుండే సహాయకులకి కూడా శిక్షణ వుండాలని ఆ పథకంలోనే పెట్టారు. చూశారా, సహాయకుడు అనే మనిషి కనిపించాడు! ఆ పది లీటర్ల డ్రోన్ని చేత్తో పట్టే పిచ్చిపని ఎవరూ చేయరు, నిజమే. మా చిన్నాన్న చేలో కొట్టినప్పుడు రోడ్డుమీద పట్టా పరిచి, గళ్ళ లుంగీలవాళ్ళనందరినీ పాతిక అడుగుల అవతలకి తరిమి మరీ దించారు. చేలో అంత జాగ్రత్త పడిన ఊరే, సాయంత్రం పెళ్ళిలో కుర్రాడి చేతుల్లోకి దింపుతుంది. పెద్దదాన్ని చూస్తే భయం, చిన్నదాన్ని చూస్తే ముద్దు!

మనకి ఈ గుణం వున్నది. పెద్ద ప్రమాదం మనకి గుర్తుంటుంది. 1995 జనవరిలో పాశర్లపూడి బ్లోఅవుట్ గురించి నేను పుట్టకముందునుంచీ చెప్పుకుంటున్నారు, ఇంకా చెప్పుకుంటారు. 2014 జూన్ నగరం గ్యాసు పైపు ప్రమాదాన్ని ఎవరు మరువగలరు? వాటిమీద విచారణలు జరిగాయి, జరగాల్సిందే. రెండు వేళ్ళు తెగితే పేపర్లో మూడు గీతలు కూడా రావు.

ఇప్పుడు అవతలి పక్షం మాట కూడా వినాలి గదా. "అరచేతిలో దిగడానికే తయారుచేసిన డ్రోన్లు వున్నాయి, నీకు తెలియదా?" అంటారు. తెలుసు. చైనాకు చెందిన డిజెఐ కంపెనీ 2017లో స్పార్క్ అనే రకాన్ని చేతిమీదినుంచి లేచి చేతిమీదే దిగేట్టుగా అమ్మింది. 2024లో వచ్చిన నియో అయితే 135 గ్రాములే, రెక్కల చుట్టూ గూడు కూడా వుంటుంది. అలాంటిదాన్ని పట్టుకుంటే నాకేమీ అభ్యంతరం లేదు. జనం నెత్తిమీద ఎగరేయడానికి అమెరికావారు 2021లో పెట్టిన నియమం చూడండి. అన్నిటికంటే తేలిక తరగతి డ్రోన్ 250 గ్రాములకు మించకూడదు, అంతేకాదు, చర్మాన్ని కోసే తిరుగుడు భాగం ఏదీ బయటికి వుండకూడదు అన్నారు. బరువు ఒక్కటే చూడలేదు, రెక్క కూడా చూశారు. మనం బరువు దగ్గరే ఆగిపోయాం. గూడు లేని రెక్క పావుకిలో డ్రోన్‌కి వున్నా పసివాడి కన్ను పసివాడి కన్నే.

"పడవమీద ఇంక వేరే దారి లేదు" అన్నది రెండో మాట. ఇది సబబైన మాటే. తిమింగలాలను పైనుంచి ఫోటోలు తీసి చదివే అమెరికా శాస్త్రజ్ఞులు కూడా చిన్న పడవల్లోంచి డ్రోన్ని చేత్తోనే వదిలి చేత్తోనే పట్టుకుంటారు. కాని వాళ్ళలో ఎగరేసేవాడు ఎగరేస్తాడు, పట్టుకునేవాడు ఆ పనికే నిలబడతాడు. ఇద్దరూ కలిసి కసరత్తు చేసినవాళ్ళు. అటుగా పోతున్నవాణ్ణి కేకేసి పిలవరు.

ఆ పద్ధతి మనకీ తెలియవలసిందే. డ్రోన్ వెనుకభాగం మనవైపు వుండేట్టు తిప్పి, మన తలకి బాగా పైన, చేతికందే ఎత్తులో ఆపాలి. గాలి మనవైపునుంచి డ్రోన్‌వైపుకి వీచేట్టు నిలబడాలి. అప్పుడు అది కొట్టుకుపోయినా అవతలికే పోతుంది. కిందినుంచి అరచెయ్యి చదునుగా ఎత్తాలి, పక్కనుంచి ఎప్పుడూ పట్టుకోకూడదు. అది జరిగితే వెంటపడకూడదు. మోటార్లు నాలుగూ ఆగేదాకా చెయ్యి కదపకూడదు. మందపాటి తోలు చేతితొడుగులు, మొహానికి అద్దమున్న హెల్మెట్టు. హెల్మెట్టు ఎలాగూ ఇంట్లో వృథాగానే పడివుంటుంది, బండి మీద పెట్టుకోం గదా! ఇవన్నీ వుంటే, పట్టుకునేవాడు పద్దెనిమిదేళ్ళు నిండి, తెలిసి, ఇష్టపడి ఒప్పుకుంటే పట్టుకోవచ్చు. ఇష్టపడి అన్న మాట కింద గీత గీయండి. ఎవరి డ్రోనో వాళ్ళే పట్టుకునే పక్షంలో నేను ఇంత పొడుగు వ్యాసం వ్రాయవలసిన పని వుండేది కాదు. రిమోటు ఇంకొకరికిచ్చి సొంతదారే చెయ్యి చాపమనండి. పెళ్ళిళ్ళలో సగం డ్రోన్లు ఆ మర్నాటినుంచి పట్టాల మీదే దిగుతాయి.

నిజానికి పట్టుకోవలసిన అగత్యమే చాలాచోట్ల లేదు. పెళ్ళింట్లో రెండు బల్లలు కలిపివేసి పైన టార్పాలిన్ బిగించి కట్టండి. నవ్వారు మంచం మీద చెక్కపలక వేయండి, ఇంకా మంచిది. బురదలో నాలుగు కాళ్ళమీద నిలబడుతుంది, పిల్లలకి అందదు. ఇసుకలో అయితే పెద్ద పట్టా పరిచి అంచులకి కొబ్బరిబొండాలు పెడితే గాలికి లేవదు. దీనికి ఇంజనీరింగు చదవక్కర్లేదు. జగ్గన్నతోట తీర్థంలో కనుమనాడు గంగలకుర్రు ప్రభలని కౌశిక దాటిస్తుంటే పైన డ్రోన్లు తుమ్మెదల్లా తిరుగుతూ వుంటాయి. అంత బరువు ప్రభని నీళ్ళలోంచి ఒడుపుగా ఎత్తుకుపోయే మనవాళ్ళకి, గట్టుమీద ఒక మంచం వేసి చుట్టూ తాడు కట్టడం చేతకాదా? ప్రభకి ఇచ్చే దారి డ్రోన్‌కి ఇవ్వాలి, అంతే.

ఇంకొక భయం కూడా చెప్పి ముగిస్తాను. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ మునిగినప్పుడు డ్రోన్లతో భోజనం పొట్లాలు, మంచినీళ్ళు అందించారు. ఎంతో మంచి పని. రేపు గోదావరి 2022 జూలైలో వచ్చినట్టు వస్తే మన లంకలకి కూడా అవే వస్తాయి, రావాలి కూడా. అప్పుడు డాబామీద నిలబడ్డవాడు ఏం చేస్తాడు? రెండు రోజులనుంచి తిండిలేనివాడు చేతులు చాపుతాడు. పొట్లం మోసే డ్రోన్ పెళ్ళి డ్రోన్ కాదు, దాని రెక్క చాలా పెద్దది. వాళ్ళకి "పొట్లం కిందపడేదాకా ఆగండి, చెయ్యి ఎత్తకండి" అని నీళ్ళొచ్చాక చెబితే ఎవరు వింటారు? వేసవిలోనే చెప్పాలి. మన కళాశాల ఎన్.ఎస్.ఎస్. విద్యార్థులు ఏటా లంక గ్రామాల్లో శిబిరం పెడతారు. మొక్కలు నాటడం, ఉపన్యాసాలు ఇవ్వడం ఎలాగూ వుంటాయి. ఒక సాయంత్రం దీనికి కేటాయించమని కార్యక్రమ అధికారిగారికి విన్నపం.

విద్యార్థి సంఘానికి మరొక విన్నపం. ఈసారి వార్షికోత్సవానికి డ్రోన్ వీడియో తీయించాలని తీర్మానించినట్టు తెలిసింది. సంతోషం. వీడియో వాళ్ళతో బేరం కుదుర్చుకునే కాగితంలోనే రెండు వాక్యాలు చేర్చండి. విద్యార్థులెవరూ, వాళ్ళ వెంట వచ్చిన కుర్రాళ్ళెవరూ డ్రోన్ని చేత్తో పట్టకూడదని ఒకటి, ఎవరికైనా దెబ్బ తగిలితే ఖర్చు మొత్తం సొంతదారే భరించాలని రెండోది. మన ఆవరణలో కొబ్బరాకు నీడ పడని చోటు క్రికెట్ పిచ్ ఒక్కటే. క్రీడా కార్యదర్శి ఒప్పుకుంటే అక్కడ దించుకోవచ్చు. ధాన్యం ఆరబోసే పట్టాలు మా ఇంట్లో రెండున్నాయి. ముందురోజు సాయంత్రం బస్సులో నేను తెస్తాను, తాడు కట్టడానికి నలుగురు వస్తే చాలు.